టైర్ల హోటల్లో గది ఖాళీ లేదు

మనిషి జీవితంలో పెద్ద నిర్ణయాలు రెండే. ఎవరిని పెళ్లి చేసుకోవాలన్నది మొదటిది. చలికాలానికి కారుకి ఏ టైర్లు వేయించాలన్నది రెండోది. మొదటిదాంట్లో పొరపాటు జరిగితే నార్వే చట్టం దయతలచి ఒక దారి చూపించింది. రెండోదాంట్లో జరిగితే, ఆ టైర్లు అరిగేదాకా వాటితో కాపురం చెయ్యాల్సిందే.

కాంగ్స్‌బర్గ్‌లో, నది అవతలి గట్టున, మా వరస ఇళ్లలో చివరింట్లో ఉండే హల్వోర్ మొదటి నిర్ణయాన్ని ఒక్క సాయంత్రంలో తీసుకున్నాడు. (ఒక డాన్సు, రెండు గ్లాసుల బీరు, సిగ్రున్.) రెండో నిర్ణయం మీద సెప్టెంబరులో కూర్చున్నాడు. మంచు పడేసరికి ఇంకా కూర్చునే ఉన్నాడు.

అందుకు కారణం ఆ కారు. వసంతంలో కొన్నాడు. కరెంటుది. సిగ్నల్ దగ్గర పచ్చదీపం వెలిగితే పక్కవాళ్లు క్లచ్ వదిలేలోపు ఇది తరవాతి సిగ్నల్ దగ్గర ఆగి ఉంటుంది. వెనక చక్రాలు ముందు చక్రాలకంటే వెడల్పు. బ్రేకులు భోజనం పళ్లేలంత. ఇంత బలమున్న కారు మంచు మీద కాలు జారిన ఏనుగులా ఉంటుందని అమ్మినవాళ్లు చెప్పలేదు. వసంతంలో అమ్మారు కాబట్టి అడగాలని హల్వోర్‌కీ తోచలేదు.

మామూలుగా అయితే ఇది భార్యాభర్తల మధ్య తేలే విషయం. కానీ సెప్టెంబరు చివరి ఆదివారం, మటన్ క్యాబేజీ పులుసు దగ్గర, హల్వోర్ అత్తగారు బోర్గిల్డ్ గరిటె కింద పెట్టి ఒక ప్రకటన చేసింది.

"ఇదిగో, అన్నాచెల్లెళ్లిద్దరూ వినండి. నాకు ఎనభై దాటాయి. కొండమీది కేబిన్ ఇంక చూసుకోలేను. క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటి ఆదివారం నేను పైన పొయ్యి రాజేసుకుని కూర్చుంటా. చీకటి పడేలోపు ఎవరు గుమ్మంలో అడుగుపెడితే వాళ్లకి తాళాలు. ఇద్దరూ వస్తే చెరిసగం. రానివాళ్లకి వాఫిల్స్ పొట్లం కట్టి పంపిస్తా."

"అంతేనా?" అన్నాడు సిగ్రున్ అన్న ఒడ్వార్.

"ఒక్కటే షరతు. ట్రాక్టరు వెనక తాడు కట్టుకుని రాకూడదు. పోయినేడాది పక్క పొలం నిల్స్ మిమ్మల్నిద్దర్నీ మార్చిమార్చి లాక్కొచ్చాడు. పాపం మర్యాదస్తుడు, నోరు తెరిచి ఏమీ అనడు. అనకుండా నా వంక చూస్తాడే, అది నేను భరించలేను. కేబిన్ చూసుకోవాలంటే ముందు కేబిన్ దాకా రావడం చేతకావాలి."

ఒడ్వార్ హల్వోర్ భుజం మీద చరిచాడు. "ఏం బావా, నీ కారుకి కొండెక్కే బటన్ ఉందా?"

"ఉంది. ఐదు రకాలు."

"అబ్బో. దిగడానికి?"

సిగ్రున్ నవ్వలేదు. ఆ కేబిన్ వాళ్ల నాన్న కట్టాడు. అందరి కేబిన్లలో కిటికీలు ఒక ఎత్తులో ఉంటాయి. ఆ కేబిన్లో మాత్రం ఒక కిటికీ బాగా కిందికి ఉంటుంది, అయిదేళ్ల పిల్ల ముక్కాలిపీట మీద కూర్చుంటే కింద చెరువు కనిపించేటంత. ఆ పిల్లకిప్పుడు నలభై రెండు. ఇప్పటికీ అక్కడికి వెళ్తే ఆ పీట మీదే కూర్చుంటుంది.

ఇంటికొచ్చే దారిలో ఒక్క మాటే అంది. "హల్వోర్, టైర్లు కొను."

"కొంటాను. కానీ సరైనవి కొనాలి కదా."

ఆ రెండో వాక్యంతోనే వ్యవహారం మొదలైంది.

ఒడ్వార్ మర్నాడు పనికి వెళ్తూ దారిలో తన పాత డీజిలు కారు ఆపి, తుప్పు పట్టిన ఇనప రిమ్ములకే మేకుల టైర్లు వేయించుకుని, కాఫీ చల్లారేలోపు వెళ్లిపోయాడు. దీన్ని మా ఊళ్లో అనాలోచిత చర్య అంటారు.

హల్వోర్ ఆలోచనాపరుడు. ముందుగా కారు తాలూకు యాప్‌ని సంప్రదించాడు. అందులో ఎంపిక సహాయకుడు అని ఒకడున్నాడు. (కనిపించడు. వినయంగా ఉంటాడు.) "మంచు పట్ల మీ భావన ఏమిటి?" అని అడిగి మూడు జవాబులిచ్చాడు: భయం, గౌరవం, స్నేహం. హల్వోర్ గౌరవం నొక్కాడు. "ఇరవై ఒక్క అంగుళాల రిమ్ము అందం. ఇరవై అంగుళాలది వివేకం. పంతొమ్మిది మీ బ్రేకులకి తగులుతుంది, దయచేసి అడగవద్దు," అన్నాడు సహాయకుడు. అందానికీ వివేకానికీ మధ్య హల్వోర్ మూడు వారాలు గడిపాడు. చివరికి వివేకాన్ని ఎంచుకుని, దానికి నల్లరంగు వేయించాడు.

ఇక మిగిలింది అసలు ప్రశ్న. మేకులా, నునుపా?

తెలియనివాళ్లకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మంచుగడ్డని కరిచి పట్టుకోవడానికి టైరుకి చిన్నచిన్న లోహపు మేకులు కొట్టించుకునేవాళ్లు కొందరు. మెత్తటి రబ్బరే చాలు, మేకులు రోడ్డుని గీరి దుమ్ము లేపుతాయి, గోల చేస్తాయి అనేవాళ్లు మరికొందరు. అడ్డనామాలకీ నిలువు నామాలకీ మధ్య ఉన్నంత దూరం. మా వీధిలో నున్న కుటుంబంలోని అమ్మాయి మేకుల కుటుంబంలోని కుర్రాణ్ణి చేసుకుంది. పెళ్లి విందులో రెండు బల్లలు వేశారు.

హల్వోర్ ఏ పక్షాన్నీ నొప్పించలేక ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. మేకులకి చిల్లులుండి, మేకులు లేని టైర్లు. కావాలంటే కొట్టించుకోవచ్చు, వద్దంటే మానెయ్యొచ్చు. కానీ కొట్టిస్తే కొత్తగా ఉన్నప్పుడే కొట్టించాలి. ఒకసారి రోడ్డెక్కితే ఇక కుదరదు. మేకులవాళ్లు అతన్ని పిరికివాడన్నారు. నున్నవాళ్లు గూఢచారి అన్నారు.

"ఇంతకీ కొట్టిస్తున్నావా లేదా?" అంది సిగ్రున్.

"గారేజీ నేల ఉంది కదా," అన్నాడు హల్వోర్.

ఉంది. వరస ఇళ్లన్నిటికీ కలిపి ఒకటే గారేజీ. వసంతంలో అందరం ఒక శనివారం బ్రష్షులు పట్టుకుని, సాసేజీలు కాల్చుకు తింటూ, దాని నేలకి బూడిదరంగు వేశాం. ఆ నేల మీద మేకులు గీతలు పెడతాయా అన్న విషయం గృహసంఘం ముందుకొచ్చింది. సంఘం ఒక ఉపసంఘాన్ని వేసింది. ఇద్దరు మేకులవాళ్లు, ఇద్దరు నున్నవాళ్లు, తటస్థుడిగా సైకిలు తప్ప ఏదీ తొక్కని స్టైనార్. మొదటి సమావేశంలోనే అతని సైకిలు టైర్లకి మేకులున్నాయని బయటపడింది. అతన్ని తొలగించి, ఎక్కడికైనా నడిచే వెళ్లే రిటైర్డు టీచరు యోరున్ గారిని తీసుకున్నారు. ఆవిడ బూట్లకి కూడా అడుగున ముళ్లున్నాయి. విచారిస్తే మా వీధి మొత్తంలో నిష్పాక్షికంగా తేలింది ఎనిమిది నెలల పసివాడొక్కడే. సమావేశం వేళకి వాడు నిద్రపోతాడు.

(ఓటు వేసి తేల్చుకోవచ్చు కదా అని మీరనవచ్చు. ఓటింగు మొరటు పద్ధతి. ఓడినవాళ్లు బాధపడతారు. మా దగ్గర అందరూ ఒప్పుకున్నాకే దాన్ని నిర్ణయం అంటారు. అప్పటిదాకా కాఫీ అంటారు.)

ఉపసంఘం తేల్చేవరకూ మేకుల సంగతి పక్కన పెట్టి, హల్వోర్ టైర్లని రిమ్ములతో సహా తిన్నగా హోటలుకి తెప్పించాడు.

హోటలు అంటే టైర్లదే. మాకు ఏడాదికి రెండు జతల చక్రాలు. ఒక జత కారుకుంటే రెండో జత హోటల్లో ఉంటుంది. గదికి నంబరు, గోడకి థర్మామీటరు, వచ్చినప్పుడు స్నానం. అక్టోబరు చివర్లో మొదటి మంచు పొడ కనిపించగానే ఊరంతా అక్కడ వరస కడుతుంది. వరసలో నెల రోజులు నిలబడి, అత్తగారు చెప్పిన ఆదివారం ఇంకా నాలుగు రోజులుందనగా, హల్వోర్ బల్ల దగ్గరికి చేరాడు. బల్ల వెనక మేనేజరు తోర్డిస్.

"మీ అతిథులు క్షేమంగా దిగారండీ. ఒకటో అంతస్తు, కిటికీ పక్క గది," అంది.

"సంతోషం. వాటిని కారుకి వేసి, కారుకున్న వేసవి టైర్లని లోపల పెట్టండి."

"తప్పకుండా. వేసవివాళ్లు లోపలికి రావాలంటే గది ఖాళీగా ఉండాలి."

"చలికాలంవి బయటికొస్తే ఖాళీ అవుతుందిగా?"

"అవుతుందండీ. కానీ లోపలికి రావలసినవాళ్లు గదిలో దిగినట్టు నమోదయ్యాకే, లోపలున్నవాళ్లని బయటికి పంపిస్తాం. లేకపోతే గది ఊరికే ఉంటుంది కదా."

"అంటే ఇవి వెళ్తేగానీ అవి రావు. అవి వస్తేగానీ ఇవి వెళ్లవు."

"ఎంత చక్కగా చెప్పారు!" అంది తోర్డిస్ మెచ్చుకోలుగా. "చాలామందికి అర్థమయ్యేలా చెప్పడానికి మాకు చాలా సమయం పడుతుంది."

"మిగిలినవాళ్లు ఎలా మార్చుకుంటున్నారు మరి?"

"వాళ్ల టైర్లు కారు మీద నుంచి వచ్చి దిగాయండీ. మీవి దుకాణం నుంచి వచ్చి దిగాయి. వాటికి ఇంతకుముందు కారు పరిచయం లేదు."

"పోనీ వేసవివి మా గారేజీలో పెట్టుకుంటాను."

"మీ గృహసంఘం గారేజీలో టైర్లు నిలవ పెట్టడం నిషేధం అండీ. ఆ నిబంధన పెట్టమని సలహా ఇచ్చింది మేమే."

రెండో గది ఇప్పించమన్నాడు. ఖాళీ లేదు. ఎవరైనా రద్దు చేసుకుంటే ఫోన్ చేస్తానంది. గొడవ చెయ్యొచ్చు. కానీ వెనక వరసలో నిలబడ్డవాళ్లు చూస్తున్నారు. మా వాళ్లు వరసలో నిలబడి ప్రాణమైనా వదులుతారుగానీ గొంతు పెంచరు. హల్వోర్ థాంక్స్ చెప్పి బయటికొచ్చాడు.

శనివారం పొద్దున ఊరు తెల్లగా లేచింది. మధ్యాహ్నం తోర్డిస్ ఫోన్ చేసింది.

"శుభవార్త అండీ! ఒకాయన కారు అమ్మేశారు, గది ఖాళీ అయింది. ఇప్పుడే రండి, మెకానిక్ కూడా ఖాళీగా ఉన్నాడు. ఒకే ఒక్క మాట చెప్పండి. మేకులు కొట్టాలా, వద్దా?"

సిగ్రున్ ఎదురుగా నిలబడి ఉంది. కారు తాళం చేతికందించింది. "చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

"ఒక్క నిమిషం," అన్నాడు హల్వోర్ ఫోన్లో. "ఉపసంఘాన్ని అడిగి చెప్తాను."

"హల్వోర్!"

"ఊరికే అడుగుతానంతే. తరవాత ఎవరూ మాట అనకుండా."

ఉపసంఘం వెంటనే సమావేశమైంది. అందుకు వాళ్లని మెచ్చుకోవాలి. యోరున్ గారు బూట్లు బయట విడిచి మరీ వచ్చారు. మేకులవాళ్లు ఎదుటివాళ్ల వాదనలో న్యాయం ఉందన్నారు. నున్నవాళ్లు కూడా అదే అన్నారు. గంటన్నరలో ఇరుపక్షాలూ ఒకరి అభిప్రాయం ఒకరు పుచ్చుకుని మళ్లీ విడిపోయాయి. అంత స్నేహంగా సమావేశం ఎప్పుడూ జరగలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. హల్వోర్ తిరిగి ఫోన్ చేసేసరికి ఆ గదిలో ఎవరివో టైర్లు దిగిపోయాయి.

ఆదివారం పొద్దున సిగ్రున్ మెట్ల కింద నుంచి స్కీలు తీసి మైనం రాయడం మొదలెట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"బస్సు లోయ దాకా వెళ్తుంది. అక్కణ్ణించి ఎక్కుతా."

వేసవి టైర్లతో మంచు మీదికి వెళ్లడం చట్టవిరుద్ధం. బస్సుకి ఆ ఇబ్బంది లేదు. అది ఎవర్నీ సంప్రదించకుండానే అక్టోబరులో టైర్లు మార్చుకుంది.

"నువ్వూ వస్తావా?" అంది సిగ్రున్ గుమ్మంలో ఆగి. నిజంగానే అడిగింది.

హల్వోర్ ఆమె వంకా, గారేజీ వంకా చూశాడు. "తోర్డిస్ మళ్లీ ఫోన్ చేస్తే? ఇంట్లో ఒకరుండాలి కదా. గది దొరికితే వెనకాలే వచ్చేస్తాను. దారిలో నిన్ను ఎక్కించుకుంటాను."

"సరే," అంది సిగ్రున్. బస్సెక్కి వెళ్లిపోయింది.

కొండ మీద వెలుతురు నీలంగా మారుతున్న వేళకి ఆమె కేబిన్ చేరింది. గుమ్మం ముందు ఒడ్వార్ పాత కారు నిలబడి ఉంది. లోపల అతను మూడో వాఫిల్ మీద గోధుమరంగు జున్ను వేసుకుంటున్నాడు.

"రావే చెల్లీ! బావేడీ? కారు మొరాయించిందా, ఆయన మొరాయించాడా?"

"నోరు ముయ్యి, అన్నయ్యా. కాఫీ ఇలా తే."

బోర్గిల్డ్ కూతురి టోపీ మీద మంచు దులిపింది. కిటికీలోంచి బయటికి చూసింది. కొండదారి మీద ఒడ్వార్ కారు జాడలూ, రెండు సన్నటి స్కీ గీతలూ తప్ప ఇంకేమీ లేవు. జేబులోంచి రెండు తాళాలు తీసి ఒకటి కొడుక్కీ, ఒకటి కూతురికీ ఇచ్చింది. సిగ్రున్ తాళం పిడికిట్లో పట్టుకుని, బూట్లైనా విప్పకుండా వెళ్లి పొట్టి కిటికీ దగ్గర పీట మీద కూర్చుంది. చెరువు కనిపించకుండా పోయేదాకా లేవలేదు. రాత్రికి అక్కడే ఉండిపోయింది.

సోమవారం సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి హల్వోర్ ఫోన్ పక్కనే కూర్చుని ఉన్నాడు. తాళం చూసి లేచి నిలబడ్డాడు. మనస్ఫూర్తిగా సంతోషించాడు. కౌగిలించుకున్నాడు. తరవాత కొంచెం తటపటాయించి అడిగాడు.

"అత్తయ్య నా గురించి ఏమైనా అడిగిందా?"

"లేదు," అంది సిగ్రున్ బూట్లు విప్పుకుంటూ. "కారు ఎలా ఉందని మాత్రం అడిగింది."

హల్వోర్ ముఖం విప్పారింది.

"బాగుందని చెప్పావుగా?"