వియ్యంకుడి శుభ్రత

ఫ్రాన్సులోని లూపియాక్ ఊళ్ళో ద్రాక్ష కుళ్ళితేనే పండగ. పొద్దున్నే గరోన్ నది మీంచి పొగమంచు లేవాలి, మధ్యాహ్నం ఎండ కాయాలి, గింజకు బూజు పట్టి ముడతలు పడాలి. తియ్యటి తెల్ల వైన్ వచ్చేది దాంట్లోంచే. ఈసారి వడగళ్ళకు తోటంతా పోయి ఒడిల్‌కు రెండు వరసలే మిగిలాయి. వాటికి బూజు పట్టేసరికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది. సాయంత్రం వాన అన్నారు. వాన పడితే ఏడాది కష్టం నీళ్ళపాలు. అందుకని కాఫీ తాగుతూనే కూలీలకు ఫోన్లు చేసింది. కూతురు మైలిస్‌ను చేసుకోబోయే కుర్రాడి తండ్రి ఫిర్మాన్ ముందురోజే నార్మండీ నుంచి వచ్చి దిగాడు. మర్యాదలు తర్వాత, ముందు కోత అనుకుంది.

తోటకు వెళ్ళి ఆకులు తప్పించి చూసింది. గుత్తులన్నీ బంగారు రంగులో నిగనిగలాడుతున్నాయి. కుళ్ళిన గింజ ఒక్కటంటే ఒక్కటి లేదు.

"మైలిస్, దొంగలు పడ్డారే. కుళ్ళంతా ఊడ్చుకుపోయారు."

"మంచివి వదిలేసి కుళ్ళువి పట్టుకుపోయారంటే ఈ ఊరివాళ్ళేనమ్మా."

ఒడిల్ దృష్టిలో ఈ ఊరివాళ్ళంటే ఒక్కడే, గోడ అవతలి అన్సెల్మ్. ఇద్దరూ ఒకే బడిలో చదివారు, అప్పటినుంచీ పోటీయే. తల్లీకూతుళ్ళు కూలీలను వెంటేసుకుని అతని షెడ్డులోకి జొరబడ్డారు. అన్సెల్మ్ ముడతలు పడ్డ గింజలను మరలో పోసి పిండుతున్నాడు. తేనెరంగు రసం ధారగా కారుతోంది.

"సిగ్గులేదట్రా నీకు? నా కుళ్ళు నాకిచ్చెయ్."

"నీదని రాసుందా? పొద్దున లేచేసరికి నా గేటు ముందు కుప్ప పోసుంది. ఇంత మంచి కుళ్ళు పాడైపోతుందని నా కోత కూడా మానుకుని పిండుతున్నాను."

"నడిచొచ్చిందా నీ గేటు దగ్గరికి?"

ఒడిల్ బకెట్ అందుకుంది. కూలీలు రెండు పార్టీలయ్యారు. మైలిస్ పోలీసులకు ఫోన్ కలుపుతుండగా ఫిర్మాన్ తలవంచుకుని లోపలికి వచ్చాడు. జీవితమంతా ఆపిల్ పళ్ళలో మచ్చలున్నవి ఏరి పారేసే ఉద్యోగం చేసినవాడు. మచ్చ కంటపడితే ఆయన చెయ్యి ఊరుకోదు.

"తప్పు నాదేనండీ అన్సెల్మ్‌గారూ. చెత్తబండి ఆగే చోటనుకుని చెత్తంతా మీ గేటు ముందు పోశాను. చెల్లెమ్మగారి తోట చూస్తే కడుపు తరుక్కుపోయింది. పాపం చూసుకునే దిక్కు లేదనుకుని తెల్లవారుజామునే టార్చి వేసుకుని కుళ్ళినవన్నీ ఏరేశాను. మంచి గింజ ఒక్కటి ముట్టుకుంటే ఒట్టు."

ఒడిల్‌కు ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంటికా పిల్లనిచ్చేది అని నోటిదాకా వచ్చింది. అంతలో షెడ్డు రేకుల మీద దడదడమని చప్పుడైంది. సాయంత్రం రావలసిన వాన అప్పుడే దిగింది. అందరూ గుమ్మంలోకి పరిగెత్తారు. ఊరి తోటలన్నిట్లోనూ కోయాల్సిన కుళ్ళంతా కళ్ళముందే కారిపోతోంది. అందులో అన్సెల్మ్‌ది కూడా ఉంది. ఆ పూట దక్కింది ఒడిల్ వరసలొక్కటే, అదీ పగవాడు పిండిపెట్టగా.

అన్సెల్మ్ స్టూలు మీద కూలబడ్డాడు. "పుట్టి బుద్ధెరిగాక ఇంత శుద్ధమైన కోత చూళ్ళేదు" అని గొణిగి, రసం తొట్టిని కాలితో ఒడిల్ వైపు తోశాడు.

ఒడిల్ బకెట్ కింద పెట్టింది. ఆమెకు సంతోషంతో ఏడుపొచ్చేసింది. "అన్నయ్యగారూ, పెళ్ళి వచ్చే నెలలోనే పెట్టుకుందాం. ఇకమీదట ప్రతి కోతకూ మీరు రావాలి" అంది.

మనవరాలి నామకరణం విందులో ఆ వైన్ పోశారు. ఊరంతా లొట్టలేసింది. అది ఏ ద్రాక్షతో చేశారో ఎందరు ఎన్నిసార్లు చెప్పినా ఫిర్మాన్ వేళాకోళమనే అనుకున్నాడు. ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, వియ్యపురాలి వైపు వంగి మెల్లగా అన్నాడు.

"కుళ్ళినవి ఏరి పారేస్తే వైన్ ఎంత బాగుంటుందో ఇప్పటికైనా తెలిసిందా చెల్లెమ్మగారూ?"