రెండు ఈకల దారి

ఒక పెద్ద అడవిలో ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. అడవికి ఇంకే పిచ్చీ లేదా అని అడగకండి, ఉన్నవి చాలక ఇదొకటి. ఆట ఉన్న రోజున పులి కూడా వేట మానేసి, మేక పక్కనే కూర్చుని చూసేది. మేక మాత్రం ఆట చూడలేకపోయేది, దాని కళ్ళన్నీ పులి మీదే ఉండేవి.

ఒక వైపు దుప్పుల జట్టు, ఇంకో వైపు ఎలుగుబంట్ల జట్టు. బంతి ఉద్యోగం అలుగుది. ముట్టుకుంటే చాలు, గుండ్రంగా ముడుచుకుపోయే జంతువు కదా, పరీక్షా ఇంటర్వ్యూ లేకుండానే ఆ పోస్టు దానికి వచ్చింది. గోలు పడ్డప్పుడల్లా తల బయటపెట్టి, ఎవరు కొట్టారని తనే అడిగేది.

ఆట బాగానే సాగేది. గొడవంతా ఆట అయ్యాకే. కొండల మధ్య ఉన్న ఆ మైదానానికి బయటికి పోయే దారి ఒక్కటే, రెండు బండల నడుమ ఇరుకు కనుమ. దానికి తోడు అడవిలో ఒక ఆచారం. రాజుగారు లేచేదాకా ఎవరూ లేవకూడదు, లేచాక ఎవరూ కూర్చోకూడదు. రాజు సింహాచలంగారు లేచి ఒళ్ళు విరుచుకున్నారో లేదో, అడవి మొత్తం ఒక్క పెట్టున కనుమ మీద పడేది.

ఇంకేముంది. ఏనుగు తొండం జింక కొమ్ముల్లో, జింక తోక ముళ్ళపంది ముళ్ళల్లో, ముళ్ళపంది ఎవరి పక్కనో చెప్పనక్కర్లేదు, ఆ కేకే చెప్పేది. ఇంటికి చేరలేకపోతున్నామని నత్తలు లబోదిబోమని ఏడ్చేవి. ఇల్లు వీపు మీదే ఉందన్న సంగతి ఆ తొక్కిడిలో వాటికీ గుర్తొచ్చేది కాదు.

ఇదంతా నవ్వులాటే, ఒక్క మంగతాయికి తప్ప. మంగతాయి తీతువు పిట్ట. కనుమ మొదట్లో, దారి పక్క గులకరాళ్ళలో దాని కాపురం. తీతువులు చెట్టెక్కి గూడు కట్టవు. నేల మీదే గుడ్లు పెట్టి, పిల్లలయ్యేదాకా అక్కడే పొదుగుతాయి. పోయినసారి పెట్టిన గుడ్లన్నీ ఆట అయ్యాక జరిగిన తొక్కిడిలో చితికిపోయాయి. ఎవరు తొక్కారో తెలియదు, తొక్కిన వాళ్ళకీ తెలియదు. చాలా రోజులు మంగతాయి మెతుకు ముట్టలేదు. ఇప్పుడు మళ్ళీ నాలుగు గుడ్లు పెట్టింది. అవి పిల్లలయ్యేలోపు సెమీఫైనలూ ఫైనలూ రెండూ ఉన్నాయి.

ఆ పిట్టకి నోరు లేదా, అరవచ్చుగా అంటారు మీరు. అక్కడే ఉంది తంటా. తీతువు కూత అపశకునమని ఆ అడవిలో తాతల నాటి నమ్మకం. బయల్దేరేటప్పుడు తీతువు కూసిందంటే ఎక్కడివాళ్ళక్కడ చతికిలబడాలి, చుక్కైనా నీళ్ళు తాగాలి, అప్పుడు గానీ లేవకూడదు. ఆట రోజున ఇదెక్కడి గోలని రాజుగారి కొలువు ఎప్పుడో ఒక కట్టడి చేసింది. ఆ రోజు తీతువు నోరు విప్పితే అడవి నుంచి వెలి. మంగతాయి పుట్టిన దగ్గర్నుంచీ వచ్చిన కూతను వచ్చినట్టే మింగుకుంటూ బతికింది, పాపం.

ఈసారి మాత్రం ఉండబట్టలేక కొలువుకి వెళ్ళి మొర పెట్టుకుంది. కొలువులో పెద్దలందరూ గబగబా చెవుల్లో ఆకులు కుక్కుకున్నారు. అలా కుక్కుకునే, తలలూపుతూ, మధ్యమధ్య అయ్యో అంటూ, చివరిదాకా విన్నారు. ఆ తర్వాత మంత్రి నక్క గవరయ్య లేచాడు.

"అమ్మా, నీ బాధ విని మా గుండెలు కరిగిపోయాయి. కమిటీ వేస్తున్నాం" అన్నాడు.

ఆమె ఏం చెప్పిందో ఆయనకి ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. అయినా కమిటీ పడింది. గవరయ్యే దానికి పెద్ద. ట్రాఫిక్ చూసే అడవిదున్న దేముడుబాబు సభ్యుడు. రద్దీ ఎలా తగ్గించాలో నేర్చుకురావడానికి ఇద్దరూ పక్క అడవికి అధ్యయన యాత్ర వెళ్ళారు. పక్క అడవిలో మైదానమూ లేదు, ఆటా లేదు. మామిడిపళ్ళు ఉన్నాయి. వాటిని బాగా అధ్యయనం చేసి, కాస్త ఒళ్ళు చేసి తిరిగొచ్చారు.

వచ్చీ రాగానే గవరయ్య పథకం విప్పాడు. కనుమకి నడిమధ్యగా ముళ్ళకంచె వేస్తారట. ఒక పక్క పెద్దల దారి, రెండో పక్క మామూలు దారి. పెద్దలంటే ఎవరో గుర్తుపట్టడానికి తలలో ఒక నెమలి ఈక. పెద్దలు కాసినిమందే ఉంటారు కాబట్టి వాళ్ళు హాయిగా పోతారు, మామూలువాళ్ళు ఎలాగూ తోసుకోవడానికే పుట్టారు. కొలువు కరతాళధ్వనులతో మోగిపోయింది.

మంగతాయి గుడ్ల దగ్గరికి పరుగెత్తింది. ఆమె గుడ్లున్నది మామూలు దారి వైపు.

ఇక చూడాలి ఆ ఈకల సంబరం. ఏనుగు తన బరువు చూపించి ఈక తెచ్చుకుంది. తాబేలు వయసు చూపించి తెచ్చుకుంది. గాడిద, మా మేనమామ రాజుగారి పెరట్లో గడ్డి మేశాడని చుట్టరికం చెప్పి తెచ్చుకుంది. ఎలుకకి వినాయకుడి సిఫార్సు ఉండనే ఉంది. ముళ్ళపంది కూడా ఒకటి సంపాదించి వీపున గుచ్చుకుంది గానీ, అన్ని ముళ్ళల్లో ఆ ఈక ఎవరికీ కనబడక భోరుమంది. అడవిలో నెమళ్ళన్నీ బోడివైపోయి పొదల్లో దాక్కున్నాయి. సెమీఫైనల్ రోజున ఒక బోడి నెమలి ధైర్యం చేసి వస్తే, ఈక లేదని పెద్దల దారిలోకి రానివ్వలేదు.

సెమీఫైనల్ అయింది. రాజుగారు లేచారు. అడవికి అడవి పెద్దల దారిలోకి దూరింది. ఉన్న కనుమలో సగమేగా ఆ దారి. ముందున్నవాళ్ళ మీద వెనకవాళ్ళు, వాళ్ళ మీద ఇంకా వెనకవాళ్ళు, నడుమ కంచె ముళ్ళు. అటు మామూలు దారిలో మాత్రం పురుగు లేదు. దేముడుబాబు బుద్ధిమంతుడు కాబట్టి, ఏనుగు దగ్గరికి వెళ్ళి, అటు ఖాళీగా ఉందండి, అటు దయచేయండి అన్నాడు.

"నేను మామూలా?" అంది ఏనుగు.

అంతే, దేముడుబాబు ఇంకెవరినీ అడగలేదు. తాబేలు కూడా అదే మాట అంటుందని ఆయనకి తెలుసు. ఆ ఖాళీ దారి పక్కన మంగతాయి రెక్కలు విప్పుకుని, గుడ్ల మీద దర్జాగా కూర్చుంది. ఆ రాత్రి ఆమెకి ఆనందంతో నిద్ర పట్టలేదు. ఈ అడవిలో ఎవరూ మామూలువాళ్ళు కానంత కాలం నా పిల్లలకి భయం లేదనుకుంది.

మర్నాడు కొలువులో గవరయ్య ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. సగం దారిలో రద్దీ సున్నా అయింది కాబట్టి పథకం సగం గెలిచిందన్నాడు. మిగతా సగం కూడా గెలవాలంటే, ఖాళీగా పడున్న మామూలు దారిని మరీ పెద్దల దారిగా మార్చాలన్నాడు. దానికి గుర్తు రెండు ఈకలు. నెమళ్ళ దగ్గర ఈకలు అయిపోయాయి కదా అని ఎవరో గొణిగితే, కాకి ఈకకి రంగు వేస్తే సరిపోతుందన్నాడు. మొదటి జత రాజుగారికే తొడిగాడు. ఫైనల్ నాటికి రెండో ఈక లేనివాడు అడవిలో లేడు.

ఈ కబురు తెలిసి మంగతాయి దేముడుబాబు దగ్గరికి పరుగెత్తింది. బాబూ, ఆ ఒక్క పూట అటు ఎవరినీ రానివ్వకు, గుడ్లు పిల్లలయ్యే వేళ అయింది, నీకు పుణ్యముంటుందని బతిమాలుకుంది. దేముడుబాబు మంచివాడే. ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి కూడా. కానీ రాజుగారే ముందు నడిచే దారికి అడ్డం నిలబడడానికి నా కొమ్ములు చాలవు తల్లీ అన్నాడు.

ఫైనల్ రోజు రానే వచ్చింది. ఆట అదిరిపోయిందట, నాకు వివరాలు అడక్కండి, మంగతాయి చూసింది ఆట కాదు. ఆమె రెక్కల కింద గుడ్లలోంచి టక్ టక్‌మని చప్పుడు మొదలైంది. లోపలి నుంచి పిల్లలు పొడుస్తున్నాయి. ఇంకాసేపు, ఇంకొక్క కాసేపు అనుకుంటూ ఉండగానే మైదానంలో చివరి ఈల మోగింది. రాజుగారు లేచి ఒళ్ళు విరుచుకున్నారు.

రెండు ఈకలు పెట్టుకున్న అడవంతా రెండు ఈకల దారి మీదికి కదిలింది. ముందు సింహాచలంగారు, వెనక గవరయ్య, ఆ వెనక ఏనుగులు. నేల అదిరి గులకరాళ్ళు ఎగురుతున్నాయి. మంగతాయి లేచి గుడ్లకి అడ్డంగా రెక్కలు చాచింది. జానెడు పిట్ట, దాని రెక్కలు ఎవరి కంటికి ఆనతాయి. వెలి వేస్తే వేశారు, నా పిల్లల్ని తీసుకుని ఎక్కడైనా బతుకుతాను అనుకుంది. పుట్టిన దగ్గర్నుంచీ మింగిన కూతలన్నీ ఒక్కసారి గొంతులోంచి బయటికి వదిలింది.

తీతూ, తీతీతూ, తీతూ!

కొండలు రెండూ మారుమోగాయి. సింహాచలంగారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగి, ఠపీమని చతికిలబడ్డారు. వెనకాల గవరయ్య చతికిలబడ్డాడు. ఏనుగులు చతికిలబడ్డాయి, ఒకదాని కింద గాడిద ఉందని తర్వాత తెలిసింది. కూర్చోగానే రాజుగారు నీళ్ళు తెమ్మన్నారు. అప్పుడు వెలిగింది అందరికీ. ఏరు కనుమకి అవతల ఉంది. నీళ్ళు తాగందే లేవకూడదు, లేవందే నీళ్ళు దొరకవు.

రాజుగారికి కోపం నషాళానికి అంటింది. దీన్ని వెలి వేశామని చెప్పమని దేముడుబాబుని ఆజ్ఞాపించారు. నేను తిరిగి బయల్దేరేటప్పుడు మళ్ళీ కూస్తే నా గతేమిటి ప్రభూ అన్నాడు దేముడుబాబు. సరే, కమిటీ పెద్దవి నువ్వు చెప్పమన్నారు గవరయ్యని. గవరయ్య కూర్చున్నచోటి నుంచే గొంతు సవరించుకున్నాడు. మంగతాయి నోరు తెరిచింది. గవరయ్య రెండు చేతులూ జోడించాడు.

"నాకు కూయాలని సరదా కాదు బాబూ. నా పిల్లలు దాటేదాకా అలాగే కూర్చోండి, అది చాలు" అంది మంగతాయి.

అలాగే కూర్చున్నారు. కూర్చోక ఏం చేస్తారు. గుడ్లు ఒక్కొక్కటే పగిలాయి. తీతువు పిల్లలు గుడ్డులోంచి వచ్చి ఒళ్ళారగానే నడిచేస్తాయి. నాలుగు పిల్లలు, నాలుగు దూది ఉండల్లాగా, ఒకదాని వెనక ఒకటి, రాజుగారి ముక్కు ముందు నుంచే తప్పటడుగులు వేసుకుంటూ రెండు ఈకల దారిలోకి దిగాయి. తలలో ఒక్కదానికీ ఈక లేదు. నడుమ ఒకటి ఆగి సింహాన్ని ఎగాదిగా చూసింది. సింహాచలంగారు గౌరవంగా తల పక్కకి తిప్పుకున్నారు. మంగతాయి వాటి వెనకాలే నడుస్తూ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు.

పిల్లల్ని అవతలి గడ్డిలో దాచి, ఆమె ఏట్లో మునిగి వెనక్కి వచ్చింది. తడిసిన ఈకలు పిండి రాజుగారి నాలుక మీద ఒక్క చుక్క వేసింది. రాజుగారు గుటక వేసి, లేచి దారి పట్టారు. తర్వాత గవరయ్యకి ఒక చుక్క. తర్వాత ఏనుగుకి, తర్వాత తాబేలుకి. చుక్క పడ్డవాళ్ళు లేచి పోతున్నారు, పడనివాళ్ళు కూర్చునే ఉన్నారు. ఆ అడవి పుట్టాక మొదటిసారి కనుమలో ఒకరి కాలు ఒకరు తొక్కలేదు. నత్తలు కూడా ఏడవకుండా ఇల్లు చేరాయి.

మర్నాడు కొలువులో గవరయ్యకి ఘనసన్మానం జరిగింది. రద్దీ తగ్గించినందుకు రాజుగారు స్వయంగా మామిడాకుల దండ వేశారు. మంగతాయిని ఎవరూ పిలవలేదు. వెలి సంగతీ ఎవరూ ఎత్తలేదు, ఎత్తాలంటే ఆమె ఎదుటికి వెళ్ళాలి. ఆమె మాత్రం పిల్లల్ని వెంటేసుకుని, నోరారా కూసుకుంటూ, ఏటి ఒడ్డున ఎటు పడితే అటు తిరుగుతోంది. ఎటు తిరిగినా ముందే దారి ఖాళీ అవుతోంది.

అది చూసి అడవికి కన్ను కుట్టింది. పై ఏడాది పోటీలకి ఈకలన్నీ చెత్తలో ఉన్నాయి. ఇప్పుడందరికీ అపశకునం కావాలి. పిల్లి తనది పాత పలుకుబడి అంటోంది. బల్లి మీద పడి మరీ నిరూపిస్తానంటోంది. ఏనుగు, నా తుమ్ముని మించిన అపశకునం ఎక్కడుందో చూపించండని సవాలు చేసింది. తాబేలుకి వయసు ఉండనే ఉంది. ఫైనల్ అయ్యి రాజుగారు లేవగానే, ముందు దారి నాకంటే నాకని అందరూ ఒక్కసారే కూశారు, తుమ్మారు, ఎదురొచ్చారు, మీద పడ్డారు. ఇన్ని అపశకునాలకి అందరూ ఒక్కసారే చతికిలబడ్డారు. నేను ఈ కథ చెబుతున్నప్పటికి ఇంకా లేవలేదు, నీళ్ళ కోసం గవరయ్య ఒక కమిటీ వేస్తున్నాడు.

నీతి: లోకం పెద్దలకి దారి ఇస్తుంది, పీడలకి ముందుగా ఇస్తుంది.