గొట్టాలకు వెళ్లి బిందెలతో వచ్చినాయన

ఆ రోజులు వేరు. వీధి మొత్తానికి రెండు రేడియోలు, ఒక టెలిఫోను. కబురు మాత్రం వాటికంటే ముందే గోడలు దూకేది. చమురు పైపులైన్లు వేసే కంపెనీలో కొనుగోళ్లు చూసే ఆయన్ని వీధంతా గొట్టాల బావగారు అనేవాళ్లు. ఆనాటి సంగతి తలుచుకుంటే ఆయనకి ఇప్పటికీ ముందు నవ్వొస్తుంది, వెనకే బెంగ పట్టుకుంటుంది.

ఆ ఉదయం ఆయన అనుకున్నది చాలా చిన్న పని. ఆఫీసుకెళ్లాలి, విదేశీ గొట్టాలమ్మే ఏజెంటుకి మధ్యాహ్నంలోపు సరే అనాలి, సాయంత్రం తీరిగ్గా ఇంటికి రావాలి. గడ్డం గీసుకుంటూ అదే భార్యకి చెప్పాడు.

"ఉక్కు దిగుమతుల మీద సుంకం పెంచుతారేమోనని అనుమానంగా ఉంది. పైపులైను వేసిస్తామని మేం ఒక ధరకి ఒప్పుకుని కూర్చున్నాం. రేపు గొట్టాల ధర పెరిగితే ఆ ఖర్చంతా కంపెనీ నెత్తినే. ఇవాళ కొనకపోతే నా ఉద్యోగం ఊడినట్టే."

"అయితే ఉక్కు సామాన్లన్నీ పెరుగుతాయా?" అంది ఆవిడ.

"పెరగవూ మరి?" అన్నాడాయన, అద్దంలోంచి చూపు తిప్పకుండానే.

ఆవిడ పెరటి గోడ దగ్గరికెళ్లి పక్కింటి వదిన చెవిన వేసింది. వదిన ఊరుకుంటుందా? ఆయన బూట్లు తొడుక్కునేసరికి కబురు వీధి చివరికి చేరింది. అనుమానం అన్న మాట మాత్రం దారిలోనే ఎక్కడో జారిపోయింది.

బస్సు కోసం బజారు మలుపు తిరిగేసరికి స్టీలు గిన్నెల కొట్టు ముందు ఇసకేస్తే రాలనంత జనం. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు గానీ, అప్పట్లో ఆ కొట్లోంచి వచ్చే గిన్నెల చప్పుడు బస్టాపు దాకా వినిపించేది. లోపల యజమాని పలక మీద ధరలు చెరిపి మళ్లీ రాస్తున్నాడు.

"ఏమిటండీ సంగతి?" అని ఒక పెద్దమనిషిని అడిగాడు బావగారు.

"సుంకం పెరుగుతోందిగా. పైపుల కంపెనీ ఆఫీసరొకాయన స్వయంగా ఇంట్లో చెప్పాట్ట."

పోటీ కంపెనీవాడెవడో మనకంటే ముందే పసిగట్టాడనుకున్నాడు బావగారు. తన అనుమానమే ఊరంతా తిరిగొచ్చి తనకే రుజువుగా కనిపిస్తోందని పాపం ఆయనకి తట్టలేదు. ఈ ఒక్క లైనుకే కాదు, రాబోయే లైన్లన్నిటికీ ఇవాళే కొనిపారేద్దామని బస్సు వైపు పరుగెత్తబోయాడు.

"ఏమండీ, దేవుడల్లే వచ్చారు. లోపలికొచ్చి ఇవి పట్టుకోండి."

జనంలోంచి భార్య. ఒక్కో చంకలో ఒక్కో బిందె.

"నేను ఆఫీసుకెళ్లాలే."

"ఆఫీసెక్కడికీ పోదు, బిందెలు పోతాయి. ఇంటికెళ్లి డబ్బు తెస్తా. మీరు కదిలారో, ఎవరో ఒకరు లాక్కుపోతారు."

ఆవిడ అటు వెళ్లిందో లేదో, తోపులాటకి బెదిరిపోయిన యజమాని షట్టరు కిందికి లాగేశాడు. బావగారు బిందెలతో సహా లోపలే చిక్కుకుపోయాడు. జనం పలచబడితే గానీ తియ్యనన్నాడు. పోనీ కొట్లో ఉన్న ఫోనైనా చేద్దామంటే, తక్కిన కొట్లవాళ్లతో ధరలు మాట్లాడుతూ దాన్ని వదలడు.

"ఒక్కసారి ఇవ్వండి బాబూ, నా ఉద్యోగం పోతుంది" అని బతిమాలాడు బావగారు.

"ఇవాళ అందరికీ తొందరే" అన్నాడు యజమాని.

షట్టరు లేచేసరికి పొద్దు వాలింది. డబ్బు మర్నాడిస్తానని యజమానిని ఒప్పించి, చేతికో బిందెతో ఆఫీసు చేరాడాయన. ఏజెంటు గొట్టాలన్నీ పోటీ కంపెనీకి ఎక్కువ ధరకి అమ్మేసి వెళ్లిపోయాడు. మేనేజరు ఆయన్నీ బిందెల్నీ మార్చి మార్చి చూసి, "రేపు మాట్లాడదాం" అన్నాడు. అరిచినా బాగుండేదనిపించింది బావగారికి.

"ఉద్యోగం పోతే పోనివ్వండి. ఇద్దరం కలిసి ఏదో ఒకటి చేసుకుందాం" అంది భార్య ఆ సాయంత్రం. మాట ధీమాగానే ఉంది గానీ గొంతు వణికింది. ఆ వణుకు మీద ఆయనకి ఎంత ప్రేమ పుట్టిందో ఆవిడకెప్పుడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే రేడియో వార్తలు. ఉక్కు సామాన్ల కోసం జనం ఎగబడుతున్నారట, ధరలు అదుపు చేయడానికి దిగుమతుల మీద ఉన్న సుంకం కూడా ఎత్తేశారట. గొట్టాల ధర దబ్బున పడింది. ముందురోజు ఎగబడి కొన్న పోటీ కంపెనీ నెత్తిన గుడ్డేసుకుంది.

మేనేజరు గుమ్మం దాకా ఎదురొచ్చాడు. "నిన్న కొనకుండా ఆగావు చూడు, అదయ్యా ముందుచూపంటే. ఎవరి సలహా?"

బావగారికి అబద్ధం నోటికి రాలేదు. పెరటి గోడ మొదలుకుని షట్టరు దాకా జరిగింది జరిగినట్టు చెప్పేశాడు.

అప్పటినుంచి కంపెనీ ఏ పెద్ద కొనుగోలుకి దిగినా మేనేజరు ముందు ఆవిడని అడిగించేవాడు. ఆవిడ "ఇవాళే కొనేయండి" అంటే, ఆ వారం ఎవరూ ఏమీ కొనేవాళ్లు కాదు.