కళ్ళజోడు వంతెన

ఊరికి వంతెన ఎందుకండీ? దండగ! చెక్క కుళ్ళుతుంది, మేకు తుప్పు పడుతుంది. కాలువల సీమ ఫ్రీస్లాండ్‌లో మా ఊరి మునిసిపాలిటీ ఆ సంగతి గ్రహించింది. కాలువ మీది నడక వంతెనను ఊడబీకి, బదులుగా రెండు రకాల కళ్ళజోళ్ళు ఇచ్చింది. ఇంతకన్నా ప్రగతి ఏం కావాలి?

మొదటిది వర్చువల్ రియాలిటీ. గుర్రానికి కట్టే గంతల్లాంటిది. పెట్టుకుంటే ఊరూ లేదు, కాలువా లేదు. కొత్త వంతెన ఒక్కటే ధగధగలాడుతుంది. రెండోది ఆగ్‌మెంటెడ్ రియాలిటీ. ఇందులో ఉన్న కాలువా కనిపిస్తుంది, దాని మీద లేని వంతెనా కనిపిస్తుంది.

భవిష్యత్తు దేనిదని మేధావులు కొట్టుకుంటున్నారు. నేను రెండోదాని పక్షం. మొదటిదానితో అయితే ఎందులో పడ్డామో తెలియదు. రెండోదానితో అన్నీ చూసుకుంటూ పడవచ్చు!

పక్కింటి వోబ్బె అలాగే పడ్డాడు.

"ఎలా ఉందిరా వంతెన?" అని ఒడ్డు మీంచి అడిగాను.

"భేషుగ్గా ఉందిరా! కిందే కాస్త తడి," అన్నాడు మీసంలోంచి నాచు పీక్కుంటూ.

లాభాలు చెప్పమంటారా? లేని వంతెనకు రంగు వేయక్కర్లేదు. దాని మీద బాతులు రెట్ట వేయవు. ప్రారంభోత్సవంలో మేయర్ గారు ఉన్న కత్తెరతో లేని రిబ్బన్ కత్తిరించారు. కాఫీతో తలా ఒక బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టేశారు. రెండో బిస్కెట్ కళ్ళజోడులో ఉందేమో, నేను చూడలేదు.

నాకు ఒక్కటే చిక్కు. కాలువ అవతల సమాధుల తోట. అందులో నా భార్య రిన్స్కె. ప్రతి ఆదివారం వంతెన దాటి, పూలు పెట్టి, కలుపు పీకి వచ్చేవాణ్ణి. చుట్టూ తిరిగి వెళ్ళడానికి మోకాళ్ళు ఒప్పుకోవు. మునిసిపాలిటీ అధికారి ఫ్లోరిస్‌తో మొరపెట్టుకున్నాను. గంతలు చేతికిచ్చాడు.

"సీబ్రెన్ గారూ, ఇంట్లో కూర్చునే సమాధి చూసుకోండి."

"మరి కలుపు?"

"ఇందులో కలుపు మొలవదండీ!"

రిన్స్కె బతికుంటే ఆ గంతలతో అతని నెత్తి మీద ఒక్కటిచ్చేది. నేను మర్యాదస్థుణ్ణి. ఇంటికెళ్ళి గడకర్ర తీశాను.

గడకర్ర పాతి కాలువ దూకడం మా ఊరి ఆట. కుర్రతనంలో నేను దూకితే రిన్స్కె వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసేది. ఆదివారం తులిప్‌లు పళ్ళ మధ్య కరచుకుని, పరుగెత్తి, గడ పట్టుకుని ఎగిరాను. గడ కాలువ నడిమధ్యన నిటారుగా ఆగింది. కాసేపు ఆలోచించింది. నన్ను నెమ్మదిగా నీళ్ళలోకి దించింది.

బయలుదేరిన ఒడ్డుకే పాకుతూ వచ్చాను. అక్కడ ఫ్లోరిస్, కళ్ళజోడు పెట్టుకుని, చప్పట్లు కొడుతున్నాడు.

"చూశారా! వంతెన మీద ఎంత హాయిగా నడిచారో!"

"రిన్స్కెకు పూలు అందాయా?" అన్నాను, పళ్ళు విప్పకుండానే.

అతను కళ్ళజోడు సర్దుకుని అవతలి ఒడ్డు వైపు చూశాడు.

"అందాయండీ! ఇక్కణ్ణుంచే కనిపిస్తున్నాయి."

తులిప్‌లు ఇంకా నా పళ్ళ మధ్యే ఉన్నాయి.