సున్నాలు నింపాల్సిన చోట

ఆ రోజు ఉదయం నిదానం వేసుకున్న పథకం చాలా చిన్నది. దేవుడికి దండం పెట్టుకోవాలి, మామగారు లేవకముందే ఇల్లు దాటాలి, ఆఫీసులో తన ప్రోగ్రామ్ నడిపి చూపించి మంచి పేరు తెచ్చుకోవాలి. నిదానం అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. అలాంటివాడికి ఫైళ్లను వేగంగా తెప్పించే పని అప్పగించడం మేనేజరు చేసిన సాహసం.

దండం పెట్టుకుని కళ్లు తెరిచేసరికి మామగారు ఇస్త్రీ చొక్కాతో, బూట్లతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఇంట్లోవాళ్లనీ తీసుకురమ్మన్నారటగా? అమ్మాయి చెప్పింది. పదండి అల్లుడుగారూ."

"ఇంతకీ మీరు చేసిందేమిటో నాన్నకి అర్థమయ్యేలా చెప్పండి," అంది భార్య.

"ఫైళ్లన్నీ వేరే పెద్ద మిషన్‌లో ఉంటాయండి. అడిగితే వైరు మీద వస్తాయి. ఇన్నాళ్లూ మన కంప్యూటర్లోని ప్రాసెసర్ గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కో కట్టా అందుకుని లోపల సర్దేది. ఇప్పుడా పెద్ద మిషనే దాన్ని కదిలించకుండా నేరుగా మన మెమరీలో పెట్టేసి పోతుంది."

"అచ్చం నాన్నలాగే! తలుపు కొట్టరు, తిన్నగా ఫ్రిజ్ దాకా వెళ్లిపోతారు."

మామగారు మురిసిపోయారు. "అయితే నన్ను చూసే కనిపెట్టారన్నమాట!"

నిదానం నవ్వలేకపోయాడు. మెమరీని పరీక్షించేవాళ్లు ముందుగా దాన్ని ఏదో ఒక గుర్తుతో నింపి ఉంచుతారు. ఫైలు సరిగా రాకపోతే ఆ పాత గుర్తే కనిపించి తప్పు దొరుకుతుంది. అందరూ సున్నాలు నింపుతారు. మామగారు వచ్చాక తన కుర్చీ, తన టవలు, తన రిమోటు ఒకదాని వెనక ఒకటి చేజారిపోయిన ఒక సాయంత్రం, నిదానం సున్నాలకు బదులు 'మామగారు ఎప్పుడు వెళతారు' అని నింపాడు. ఎవరు చూడొచ్చారు, తర్వాత తీసేద్దాంలే అనుకున్నాడు. తీశాడో లేదో దారి పొడవునా గుర్తుచేసుకుంటూనే ఉన్నాడు.

ఆఫీసు హాలు నిండిపోయింది. ముందు వరుసలో కంపెనీ యజమాని, పక్కన ఆయన కూతురు. ఆ కూతురి భర్తే మేనేజరు.

"నా స్వాగతోపన్యాసంతో మొదలుపెడదాం. అన్ని కంప్యూటర్లలోనూ ఒకేసారి తెరవండి," అన్నాడు మేనేజరు.

ఒక్క కంప్యూటరుతో పరీక్షించినప్పుడు ఏ తేడా రాలేదు. ఇంతమంది ఒక్కసారిగా మీదపడేసరికి పెద్ద మిషన్ కాస్త ఆలస్యం చేసింది. నిదానం ప్రోగ్రామ్‌కు మాత్రం ఎక్కడలేని తొందర. ఫైలు రాకముందే వచ్చేసిందని చెప్పేసింది.

గోడంత తెర మీద, ఉపన్యాసం ఉండాల్సిన చోట, పైనుంచి కిందిదాకా ఒకటే మాట: మామగారు ఎప్పుడు వెళతారు మామగారు ఎప్పుడు వెళతారు మామగారు ఎప్పుడు వెళతారు.

"ఇదేనా అల్లుడూ నీ స్వాగతం?" అన్నారు యజమాని.

"నాది కాదు మామగారూ, ఒట్టు! ఇంకో ఫైలు తెరవండయ్యా!"

వచ్చే ఏడాది ప్రణాళిక తెరిచారు. మామగారు ఎప్పుడు వెళతారు.

"ఓహో, ప్రణాళిక కూడా ఇదేనన్నమాట."

"నాన్న వచ్చింది మొన్నే కదండీ!" మేనేజరు భార్య కళ్లు తుడుచుకుంది. "అప్పుడే బరువైపోయారా? ఇంట్లో ఇటు పుల్ల తీసి అటు పెట్టరు గానీ, ఇంత టైపు చేయడానికి తీరికెక్కడిది?"

"నేను కాదే బాబూ..."

యజమాని కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "రేపటి నుంచి ఆఫీసు నేను చూసుకుంటాలే. నువ్వు విశ్రాంతి తీసుకో."

నిదానానికి చెవులు కాలిపోయాయి. తను ఒక్క మాట చెబితే ఆ మేనేజరు ఉద్యోగం నిలబడుతుంది. కానీ ఆ మాట వెనక వరుసలో కూర్చున్న తన మామగారు కూడా వింటారు. పొద్దున్న మంచి పేరు అడిగాను గానీ, దేవుడా, మనసులో ఉన్నది ఇంత గోడ మీద రాయమన్నానా? నోరు తెరిచాడు. ఈలోపే వెనక నుంచి మాట వినిపించింది.

"అది నా గురించండీ."

వెనక వరుసలో మామగారు లేచి నిలబడ్డారు. "నేనెక్కడ వెళ్లిపోతానోనని మా అల్లుడుగారికి దిగులు. ఎప్పుడు వెళతారు, ఎప్పుడు వెళతారు అని ఒకటే బెంగ. ఆ బెంగలోనే ఇలా రాసేసుంటారు. నేను వెళ్లనండీ అని చెబుతూనే ఉన్నాను."

హాలంతా తనవైపు తిరిగింది. "నేనే రాశాను," అన్నాడు నిదానం తల వంచుకుని. మిగతాది నోట్లోనే ఉండిపోయింది.

యజమాని కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "చూశావా అల్లుడూ, అల్లుడంటే అలా ఉండాలి!"

చప్పట్లు మోగాయి. ఒక్కొక్కటీ చెంప మీద పడ్డట్టే ఉంది నిదానానికి.

ఇంటిదారిలో నిదానమే నోరు విప్పాడు. "మామగారూ, నేను బెంగతో రాయలేదండీ."

"తెలుసు. చదవడం వచ్చు నాకు."

మామగారు జేబులోంచి రైలు టికెట్టు తీసి చూపించారు. "ఆదివారానికి. నిన్ననే కొనుక్కున్నాను. మీకు చెబుదామనుకునేలోపు మీ గోడే అడిగేసింది."

నిదానం నడక ఆపేశాడు. "క్షమించండి. నేనే స్టేషనుకు వచ్చి..."

"ఉండండి." మామగారు టికెట్టును శుభ్రంగా ముక్కలు చేసి మళ్లీ జేబులోనే వేసుకున్నారు. "అంతమందిలో వెళ్లనని అనేశాను కదా. మాట తప్పితే మీకే చెడ్డపేరు. పైగా మీ యజమానిగారు ఆదివారం ఆదివారం కబుర్లకు రమ్మన్నారు."

ప్రోగ్రామ్‌లో తప్పును నిదానం మర్నాడే దిద్దుకున్నాడు. ఇప్పుడది ఫైలు నిజంగా వచ్చిందని చూసుకున్నాకే నోరు విప్పుతుంది. మెమరీ నిండా సున్నాలే. ఇంట్లో తన కుర్చీ ఉన్న గదిలోకి వెళ్లేటప్పుడు మాత్రం నిదానమే తలుపు కొడుతున్నాడు.