జక్రయ్య మాస్టారి అయిదు నిమిషాలు

యాభై దాటాక మనిషికి మోకాళ్ల నొప్పులు వస్తాయి, బీపీ వస్తుంది. జక్రయ్య మాస్టారికి స్టాండప్ కామెడీ వచ్చింది.

పర్చూరు పక్క పల్లెలో హైస్కూలు లెక్కల మాస్టారాయన. ఇరవై ఆరేళ్లుగా క్లాసులో జోకులు వేస్తున్నాడు, పిల్లలు నవ్వుతూనే ఉన్నారు. నవ్వనివాణ్ణి బోర్డు దగ్గరికి పిలుస్తాడన్న సంగతి మాత్రం ఆయన ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

గుంటూరులో ఒక కాఫీ షాపులో ఆదివారం సాయంత్రాలు ఎవరైనా సరే మైకు పట్టుకుని అయిదు నిమిషాలు నవ్వించవచ్చని తెలిసి, వెళ్లి పేరిచ్చి వచ్చాడు.

"నిలబడి చెప్పడంలో కొత్తేముందండీ? ఇన్నాళ్లూ పడుకుని చెప్పారా?" అంది భార్య మహిమ, గోంగూర వలుస్తూ.

"అది పాఠం. ఇది కళ."

"పాఠానికైతే నలభై నిమిషాలకు బెల్లు కొడతారు. దీన్ని ఆపేదెవరు?"

మాస్టారు ఆ మాట వినిపించుకోలేదు. ముందుగా ఎవరిమీదైనా పరీక్షించుకోవాలి. బావమరిది క్రీస్తుదాసు మిరప కల్లంలో పదిహేనుమంది ఆడవాళ్లు ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. పని వదిలి లేచిపోలేని ప్రేక్షకులు. అంతకన్నా ఏం కావాలి?

"ఒక త్రిభుజం డాక్టరు దగ్గరికి వెళ్లిందట. ఏమైందమ్మా అంటే, మూడు మూలలా నొప్పి అందట," అని మొదలుపెట్టాడు.

ఘాటు తగలకుండా వాళ్లందరూ ముక్కూ నోరూ కలిపి గుడ్డలు కట్టుకున్నారు. కళ్లే కనిపిస్తున్నాయి. ఆ కళ్లనిండా నీళ్లు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మాస్టారి గుండె పొంగిపోయింది. త్రిభుజం తరవాత చతురస్రం, చతురస్రం తరవాత వృత్తం, నలభై నిమిషాలు చెప్పాడు.

"కన్నీళ్లు పెట్టుకుని నవ్వారు మహిమా," అన్నాడు ఇంటికొచ్చి.

"గాలి ఎటునుంచి కొట్టింది?"

"తూర్పునుంచి."

"కాయలు ఎటుపక్క పోశారు?"

మాస్టారు కాస్త ఆలోచించాడు. "తూర్పునే."

"సరే, కాళ్లు కడుక్కోండి, అన్నం పెడతాను," అంది మహిమ.

మాస్టారికి రోషం వచ్చింది. కళ్లారా చూద్దువుగాని రమ్మని మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని కల్లానికి వెళ్లాడు. ఆయన చేసిన తెలివితక్కువ పని అదే. మళ్లీ త్రిభుజం, మళ్లీ భుజాలు, మళ్లీ కన్నీళ్లు. చూశావా అన్నట్టు ఆయన భార్యవైపు చూస్తుంటే, గుంపులో పెద్దది కొండమ్మ గొంతు తగ్గించకుండా అడిగింది.

"మహిమమ్మా, మాస్టారికి ఒంట్లో బాగానే ఉందా? నిన్నట్నుంచి ఎవరికో నొప్పి అంటన్నారు."

మహిమ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వాళ్ల మధ్య కూర్చుంది. దోసెడు కాయలు ఒళ్లో పోసుకుంది.

"ఏం చెప్పమంటావు కొండమ్మా. రోజూ రెండు గంటలు బీరువా అద్దం ముందు నిలబడి ఇవే చెప్పుకుంటారు. మధ్యలో మంచినీళ్లు తాగుతారు. ఆఖర్న అద్దానికి థ్యాంక్స్ కూడా చెబుతారు. ఆ బీరువాలో నేను చీర తీసుకోవాలంటే ఇంటర్వెల్ దాకా ఆగాలి. మొన్న చర్చికి నైటీ మీద వెళ్లాల్సిందే, గంట కొట్టబట్టి ఆయన పక్కకి జరిగారు."

కొండమ్మ మూతికి కట్టుకున్న గుడ్డ కిందకి లాగి నవ్వింది. పక్కామె లాగింది. చూస్తుండగానే పదిహేనుమందీ గుడ్డలు లాగేశారు. తుమ్మారు, నవ్వారు, దగ్గారు, మళ్లీ నవ్వారు.

మాస్టారు గుడ్డలు లెక్కపెట్టాడు. లెక్కల మాస్టారు గదా. తనకి నలభై నిమిషాలకు ఒక్కటి కూడా దిగలేదు. ఆమెకు నిమిషానికే పదిహేను. అంత ఘాటులో నోరు తెరిచి నవ్వారంటే అది నవ్వే. అంతవరకూ ఆయన కళ్లని ఏమీ చెయ్యని మిరప ఘాటు అప్పుడు తగిలింది.

ఆ రోజునుంచి ఇంట్లో ఎవరు నవ్వినా ఆయనకు మంటే. పక్కింటి జైనాబీ గోడమీదనుంచి మహిమ మాటకు పకపకా నవ్వితే కిటికీ మూసేశాడు. ఇరవై ఏళ్లుగా ఆ మనిషి తన జోకులకు "అట్లాగా మాస్టారూ" అనడం తప్ప ఇంకేమీ చేసి ఎరగదు.

చివరికి ఒక ఉపాయం తట్టింది. మహిమ అన్న మాటలన్నీ నోటుపుస్తకంలో ఎక్కించాడు. సమీకరణంలో అటుపక్కవి ఇటు, ఇటుపక్కవి అటు మార్చినట్టు, "ఆయన" ఉన్నచోట "మా ఆవిడ" పెట్టాడు, "నేను" జోలికి వెళ్లలేదు. ఇక ఆమె గుంటూరు రాకుండా చూడాలి. పాస్టరమ్మగారి దగ్గరికి వెళ్లి, ఆదివారం సాయంత్రం చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికలో మహిమ చేత వాక్యం చెప్పించమని వినయంగా అడిగి వచ్చాడు.

ఆదివారం వచ్చింది. కాఫీ షాపులో మైకు నడిపించే కుర్రాడు అస్లాం మాస్టారి పేరు పిలిచాడు. పువ్వుల చొక్కాతో స్టేజీ ఎక్కగానే కిందనుంచి కిసకిసలు. దీపాలు కళ్లలో పడి ముందు కూర్చున్నవాళ్లు ఎవరో తెలియడం లేదు. అదీ మంచిదే అనుకున్నాడు.

"మా ఆవిడ రోజూ రెండు గంటలు బీరువా అద్దం ముందు నిలబడి జోకులు చెప్పుకుంటుంది. ఆఖర్న అద్దానికి థ్యాంక్స్ కూడా చెబుతుంది. ఆ బీరువాలో నేను చీర తీసుకోవాలంటే ఇంటర్వెల్ దాకా ఆగాలి."

హాలంతా ఒక్క క్షణం ఆగింది.

"ఏం చీర మాస్టారూ?" అని ముందు వరసలోంచి ఒక గొంతు.

హాలు గొల్లుమంది. ఎందుకు నవ్వారో తెలియకపోయినా మాస్టారి ముఖం వెలిగింది. ఆ గొంతు కొండమ్మదని మరుక్షణం తెలిసి ఆరిపోయింది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే ముందు రెండు వరసలూ కల్లం ఆడవాళ్లే. మధ్యలో మహిమ.

"పట్టుచీరండీ," అంది మహిమ కూర్చున్న చోటునుంచే, హాలుకి చెబుతున్నట్టు. "అద్దం ముందు నిలబడేది కూడా ఆయనే. నా మాటలు ఎత్తుకొచ్చారు. తొందర్లో చూసుకోలేదు, చీర కూడా ఎత్తుకొచ్చారు."

అస్లాం పరుగున వెళ్లి రెండో మైకు ఆమె చేతిలో పెట్టాడు. మిగతా నాలుగు నిమిషాలూ ఆమెవే. స్టేజీ మీద నిలబడింది మాస్టారు, దీపాలు ఆయన మీద, నవ్వులన్నీ ఆమెకి. దిగిపోదామంటే, "ఉండండి సార్, మీరు కనిపిస్తుంటే బాగుంది" అన్నాడు అస్లాం.

బయటికొచ్చాక మాస్టారు నెమ్మదిగా అడిగాడు. "నీకు కూడిక ఉంది గదా?"

"ట్రాలీ ఆటోలోనే పెట్టుకున్నాం మాస్టారూ," అంది కొండమ్మ. "మీకు నవ్వులు దక్కాలని పర్చూరునుంచి గుంటూరుదాకా ప్రార్థన చేసుకుంటానే వచ్చాం."

"నా పేరు మీరే ఇచ్చారని పాస్టరమ్మగారు చెప్పారు," అంది మహిమ. "ఇరవై ఏడేళ్లుగా, కూడికకి వెళ్తానంటే వంటెవరు చేస్తారని అడిగిన మనిషి. ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను."

మాస్టారు ఆటోలో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక మహిమతో కలిపి పదహారుమంది నవ్వుకుంటుంటే రోడ్డు పక్క పత్తిచేలు చూస్తూ వచ్చాడు.

మర్నాడు పొద్దున ఫోను మోగింది. అస్లాం.

"సార్, వచ్చే ఆదివారం మేడమ్‌కి పదిహేను నిమిషాలు ఇస్తున్నాం. మేడమ్ ఉన్నారా?"

"లేదు. అద్దంకి వెళ్లింది. నెల దాకా రాదు."

"ఎవరండీ ఫోను?" అంది మహిమ వంటింట్లోంచి.

"సార్, అద్దంకి బాగా దగ్గరే ఉన్నట్టుంది," అన్నాడు అస్లాం.

మహిమ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఫోను తీసుకుంది. "వస్తాను బాబూ. మాస్టారు కూడా వస్తారు. ఆయన లేకపోతే నేను చెప్పడానికి ఏముంది?"

మాస్టారు కాసేపు గోడ గడియారం చూశాడు. కాసేపు నేల చూశాడు. అయినా ఆదివారం ఎన్నింటికో చెప్పమని ఆయనే అడిగాడు.

"ఏ చొక్కా వేసుకోమంటావు?"

"నిన్నటిదే వేసుకోండి. మీరు నోరు తెరవకముందే సగంమంది నవ్వారు."

అంటే ఆ నవ్వు తనదే గదా. మాస్టారు ఇస్త్రీపెట్టె వెతకడానికి లేచాడు.