టి.సి. గారు ఇంట్లో లేరు

ఏడున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాలి. ఈ రెండింటి మధ్య ఎవరి మీదా కోపం తెచ్చుకోకూడదు. ఆ గురువారం పొద్దున పైడి కనకమహాలక్ష్మి అనుకున్నవి ఈ మూడే. మొదటి రెండూ జరిగాయి.

యుద్ధానికి మగవాళ్లు వెళ్లిపోయి మనుషులు చాలక, రైల్వేవారు ఆ ఏడు కొందరు ఆడవాళ్లను మూడు నెలల పరీక్ష మీద టికెట్ కలెక్టర్లుగా తీసుకున్నారు. బిలాస్‌పూర్‌కు వచ్చింది ఒక్క కనకమహాలక్ష్మే. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. పెళ్లి కాలేదు. తండ్రి పోయాక తల్లి చిన్నమ్మితో కలిసి విజయనగరంలో మేనమామ వీధి అరుగు మీద ఐదేళ్లు గడిపింది. శనివారంతో గడువు ముగుస్తుంది. ఇన్‌స్పెక్టర్ సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే క్వార్టరు ఖాళీ చేసి మళ్లీ ఆ అరుగు మీదికే.

రైల్వే కాలనీలో ఆడవాళ్లకు పేర్లుండవు. మొగుడి ఉద్యోగానికి 'అమ్మ' తగిలిస్తే అదే పేరు. గార్డు భార్య గార్డమ్మ, డ్రైవరు భార్య డ్రైవరమ్మ. కనకమహాలక్ష్మి దిగిన మర్నాడే టి.సి.అమ్మ అయింది. అంతటితో, ఎవరూ ముహూర్తం పెట్టకుండానే, ఆమెకు ఒక మొగుడు కూడా వచ్చాడు.

ఆ పొద్దున పక్క క్వార్టరు గార్డమ్మ గోడ మీంచి తల పెట్టింది.

"టి.సి.అమ్మా, ఈ పూట మీ ఆయనకి ఏటి డ్యూటీ?"

"డ్యూటీ నాదండీ. టి.సి.ని నేనే."

"అదే కదమ్మా! ఆళ్ల డ్యూటీ మన డ్యూటీ కాదేటి? మా ఆయన గూడ్సెక్కితే నాకు నిద్దరుండదు. క్యారేజీలు కట్టి కట్టి చెయ్యి పడిపోనాది."

"క్యారేజీ కాదండీ. కోటు చూడండి. నేను తొడుక్కున్నాను."

"అచ్ఛా! ఇస్త్రీ నలిగిపోతాదని మీరే తొడుక్కుని తీసుకెల్తన్నారేటి! మొగుణ్ణి ఇలా సూసుకోవాలమ్మా. మా కోడలికి సెప్తాను."

కనకమహాలక్ష్మి పళ్లు నూరుకుంటూ లోపలికి వచ్చింది. "అమ్మా, మళ్లీ ఏటి చెప్పావు ఆవిడకి?"

"నానేటి సెప్పాను?" అంది చిన్నమ్మి. "మీ అల్లుడు అగుపడడేటి అని అడిగింది. డ్యూటీలో ఉన్నాడన్నాను."

"ఎవడు?"

"ఎవడో ఒకడు లేవే. ఒంటి ఆడోళ్లంటే కుళాయి కాడ మన బిందె ఎనక్కి తోసీవోరు. అల్లుడున్నాడన్నాక ముందు పెడతన్నారు. అయినా ఇలాటల్లుడు ఎవరికి దొరుకుతాడే? అలగడు. కూరలో ఉప్పు లేదనడు."

కోపం తెచ్చుకోకూడదన్న మాట గుర్తొచ్చి, కనకమహాలక్ష్మి చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఏడు నలభైకి రాయ్‌పూర్ ప్యాసింజర్ వచ్చింది. రతన్‌పూర్ గుడికి వెళ్లే యాత్రికులు నలభై మంది దిగారు. అందరి టికెట్లూ వాళ్ల పెద్ద దగ్గరున్నాయి. కనకమహాలక్ష్మి చెయ్యి చాపింది.

"టికెట్ బాబు కహాఁ హే, బాయి?" అన్నాడు పెద్ద, బాబు ఎక్కడని చుట్టూ చూస్తూ.

"బాబు నేనే. టికెట్లివ్వండి."

అతను నవ్వి కట్టను పంచెలో దోపుకున్నాడు. ఎవరో ఆడమనిషి చేతిలో పెట్టేసి, తరవాత బాబు వచ్చి టికెట్లేవంటే నలభై మందికీ ఎక్కడి నుంచి తెస్తాడు? బాబు వచ్చేదాకా ఆగుదామని గేటుకు అడ్డంగా కూర్చున్నాడు. వెనక నలభై మందీ మూటలు దించి కూర్చున్నారు. వాళ్ల వెనక రైలంతా నిలబడింది. ఆ నిలబడ్డవాళ్లలో, టోపీ పెట్టుకుని, ఇన్‌స్పెక్టర్ రమణమూర్తి ఉన్నాడు.

"ఈ గేటు డ్యూటీ ఎవరిది?" అని అరిచాడు.

జవాబు చెప్పవలసినవాడు హెడ్ టి.సి. త్రినాథరావు. ఆయన కూడా ఆ పూట గేటు దగ్గర ఉండాలి. గోల్ బజార్‌కు కూరలకు వెళ్లి అప్పుడే వచ్చాడు. సంచీతోనే వచ్చి డ్యూటీల రోస్టర్ తీశాడు. రోస్టర్‌లో ఎవరినైనా ఇంటిపేరుతోనే రాస్తారు. ముందు 'మిస్టర్' అని అచ్చువేసే ఉంటుంది.

"మిస్టర్ పైడిది సార్."

"ఎక్కడ పైడి?"

ఇదుగో ఈవిడే అంటే, మరి నువ్వెక్కడున్నావన్నది రెండో ప్రశ్న అవుతుందని త్రినాథరావుకు తెలుసు. "కనబడ్డం లేదు సార్" అన్నాడు.

"పైడిని నేనే" అంది కనకమహాలక్ష్మి.

రమణమూర్తి టోపీ తీశాడు. "మీరు నిలబడకండమ్మా. అప్పలస్వామీ, అమ్మగారికి కుర్చీ వెయ్యి."

ప్యూన్ అప్పలస్వామి కుర్చీ తెచ్చాడు.

"కుర్చీ వద్దు. టి.సి.ని నేను. మూడు నెలలుగా ఈ గేటు నాది."

"భర్తను వెనకేసుకు రావడం ఇల్లాలి ధర్మం. కాదనను. మూడు నెలలుగా ఆయన డ్యూటీ మీరు చేస్తున్నారంటే కష్టపడుతున్నారనే అర్థం. కానీ కోటు రైల్వేది తల్లీ. దాన్ని ఇంకొకరు తొడుక్కోకూడదు."

"ఈ కోటు జేబులో ఆర్డరుంది. తీసి చదవండి."

చదువుతాడనే కోటు విప్పి ఆయన చేతిలో పెట్టింది. రమణమూర్తి జేబు వైపు కూడా చూడలేదు. "భార్య దగ్గర భర్త కాగితాలు లాక్కుని చదివేంత సంస్కారహీనుణ్ణి కాదమ్మా" అన్నాడు. కోటు మడత పెట్టించి, మూటకు సీలు వేయించి, ఆఫీసు బీరువాలో పెట్టించాడు.

త్రినాథరావు గేటు దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు. ఆయన ఒంటి మీద కోటు లేదు. రెండో చేతిలో వంకాయల సంచీ ఉంది. "రామ్ రామ్ బాబూ" అని పెద్ద లేచి, కట్ట తీసి ఇచ్చాడు. కనకమహాలక్ష్మి కుర్చీని కాలితో తన్నింది.

ఇన్‌స్పెక్టర్ అప్పలస్వామిని క్వార్టరుకు పంపాడు. "అల్లుడుగారిని పిలవండమ్మా, ఇన్‌స్పెక్టరుగారు రమ్మంటన్నారు" అన్నాడు వాడు. చిన్నమ్మికి భయం వేసింది. అల్లుడు లేడంటే అబద్ధం బయటపడుతుంది. ఉన్నాడంటే చూపించమంటారు.

"తెల్లారగట్లే గూడ్సెక్కి ఎల్లిపోనాడు బాబూ."

"ఎక్కడికమ్మా?"

ఈ ఊరు కాక ఆమెకు తెలిసిన ఊళ్లు రెండే. విజయనగరం మరీ దూరం. "రాయ్‌పూరు" అంది.

అప్పలస్వామి ఆ మాట తెచ్చి ఇన్‌స్పెక్టర్‌కు అప్పజెప్పాడు.

"ఆ పైడిని నువ్వెప్పుడైనా చూశావురా?"

"నాను సూడ్లేదు బాబూ. గానీ ఉన్నాడని కాలనీ అంతా అంటారు."

సాక్ష్యం సరిపోయింది. యుద్ధకాలంలో, సెలవు చీటీ లేకుండా, ఊరు విడిచి, గూడ్సులో వెళ్లిపోయిన ఉద్యోగి. మిస్టర్ పైడి మీద హెడ్ ఆఫీసుకు టెలిగ్రాం వెళ్లింది. ఫైలుకు నెంబరు పడింది. నెంబరు పడిన ఫైలు మూతపడాలంటే అందులో ఉన్న మనిషి సంగతి ఏదో ఒకటి తేల్చాలి.

అప్పటి నుంచి పదకొండు దాకా కనకమహాలక్ష్మిని ఆఫీసులో కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు. పంకా ఆమె వైపు తిప్పించారు. నోరు తెరిచినప్పుడల్లా "మీరు కంగారు పడకండమ్మా" అన్నారు. అలా అన్నప్పుడల్లా ఆమె చెవులు కాలాయి. పదకొండింటికి రమణమూర్తి ఒక కాగితం చూపించాడు.

"ఇది మీవారికి. ఇరవై నాలుగు గంటల్లో జవాబు రాయమనండి. ఆయన ఉద్యోగం పోకుండా చూసే పూచీ నాదమ్మా."

మూడో సంగతి అక్కడ పూర్తిగా తప్పింది. కనకమహాలక్ష్మి లేచి బల్ల గుద్దింది. టీ కప్పు దొర్లింది.

"ఏవండీ, ఇన్‌స్పెక్టరమ్మగారి ఆయనా!"

రమణమూర్తిని పుట్టాక ఎవరూ అలా పిలవలేదు. తనను కాదేమోనని వెనక్కి చూశాడు.

"మిమ్మల్నే. ఎలా ఉంది? నాకు మూడు నెలల నుంచి అలాగే ఉంది. ఆ బీరువా తెరుస్తారా, పగలగొట్టమంటారా?"

"అమ్మాయ్, పెద్దాయనతో అలాగేటి మాటలు?" అన్నాడు త్రినాథరావు.

"నువ్వు మాటాడకు అబ్బాయ్. వంకాయలు సర్దుకో."

బీరువా తెరిచారు. సీలు తీశారు. ఆమె జేబులోంచి ఆర్డరు తీసి గట్టిగా చదివింది. లేడీ టికెట్ కలెక్టర్, మిస్ పైడి కనకమహాలక్ష్మి, బిలాస్‌పూర్. కింద సంతకం రమణమూర్తిది. ఆర్డరు ఇచ్చిన రోజు పెట్టిన డెబ్భై సంతకాల్లో అదొకటి.

ఆయన కాగితం రెండుసార్లు చూశాడు. "ఆ ముక్క నువ్వు ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి? అయినా ఇప్పటిదాకా మీరు మీరు అన్నారే, అదేమైంది? లేని మొగుడికి పెళ్లాన్నయితే మీరా? మీ దగ్గర ఉద్యోగం చేస్తే నువ్వా?"

రమణమూర్తి కాగితం బల్ల మీద పెట్టాడు. ఆయన మనసు టెలిగ్రాం మీద ఉంది. "అయితే నేను రిపోర్టు పంపింది ఎవరి మీద?"

"మీరు పుట్టించినవాణ్ణి మీరే వెతుక్కోండి."

త్రినాథరావు సంచీ కింద పెట్టి ముందుకొచ్చాడు. "సార్, తప్పు రాశామంటే హెడ్ ఆఫీసు ఊరుకోదు. విచారణ పెడతారు. అది మూడు నెలలు. పైడి పోనాడని రాసీడం మంచిది. పోయినోడి మీద ఫైలుండదు. ఖాళీ అయిన ఉద్యోగం భార్యకి ఇప్పించినట్టు ఫారం రాసి సంతకం పెట్టించీస్తే, అమ్మాయి పనీ అయిపోద్ది."

"నాకు పెళ్లే కాలేదు!" అంది కనకమహాలక్ష్మి.

"కాగితం మీద మాత్రమేనమ్మా" అన్నాడు రమణమూర్తి. 'అమ్మా' మళ్లీ వచ్చింది. "విచారణ కావాలంటే పెడతాను. కానీ నీ గడువు శనివారంతో సరి. విచారణ తేలేదాకా నేను సంతకం పెట్టకూడదు, గడువు పొడిగించే అధికారమూ నాకు లేదు."

ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది. బయట సిగ్నలు పడింది. మేనమామ అరుగు గుర్తొచ్చింది. ఆ అరుగు మీద ఆమెకు 'నువ్వు' కూడా దక్కేది కాదు.

"రోస్టర్‌లో మిస్టర్ కొట్టేయండి. నా ముందు కొట్టేయండి. అప్పుడు సంతకం పెడతాను" అంది.

త్రినాథరావు కొట్టేశాడు. ఆమె ఫారం మీద సంతకం పెట్టింది. ఆ పక్కన అచ్చువేసిన 'భార్య' అన్న మాటను కలం మొన విరిగేదాకా గీసింది. ఉద్యోగం ఖాయమైంది.

ఆమె ఇల్లు చేరేలోపే అప్పలస్వామి కాలనీ చేరాడు. గుమ్మంలో ఆడవాళ్లు నిండి ఉన్నారు. చిన్నమ్మి మధ్యలో కూర్చుని ఏడుస్తోంది. ఏడుపు సగం అబద్ధం. సగం కాదు. మూడు నెలలు నోటితో పెంచిన అల్లుడు.

"ఎంత మంచోడమ్మా!" అంది గార్డమ్మ. "ఒక్కనాడు గట్టిగా మాటాడగా ఇనలేదు. ఇలా కూకో తల్లీ. బొట్టు తీసీ."

కనకమహాలక్ష్మి ఆ చెయ్యి విదిలించి లోపలికి వెళ్లింది. కుంకుమ భరిణె తెచ్చి, అందరూ చూస్తుండగా నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుంది.

"వినండి. నాకు మొగుడు లేడు. ఎప్పుడూ లేడు. ఎవడూ పోలేదు. టి.సి. నేను. నా పేరు పైడి కనకమహాలక్ష్మి. ఇక మీ ఇళ్లకు వెళ్లండి!"

ఎవరూ కదల్లేదు. గార్డమ్మ కళ్లు తుడుచుకుని చిన్నమ్మి చెవిలో అంది: "మతి సెదిరిపోనాదమ్మా. ఒంటిగా వదలకండి."

మర్నాడు ఏడున్నరకు ఆమె అదే బొట్టుతో గేటు దగ్గర నిలబడింది. పైడి పోయిన కబురు కూలీల నుంచి టాంగావాళ్లకు, వాళ్ల నుంచి రోజూ వచ్చే ప్రయాణికులకు పాకింది. వాళ్లు తల వంచుకుని వచ్చి, ఒక్కొక్కరే టికెట్టు ఆమె చేతిలో పెట్టి వెళ్లారు. బాబు ఎక్కడని ఎవరూ అడగలేదు. బండి వెళ్లాక, ఆ చావును రాయించిన త్రినాథరావు కూడా వాళ్లలాగే తల వంచి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి, కనకమహాలక్ష్మి గారూ" అన్నాడు.

మూడు నెలల ఉద్యోగం తెచ్చిపెట్టలేని 'గారు'ను, పుట్టని మొగుడు చచ్చి తెచ్చిపెట్టాడు.